పొద్దుమీకినంక చెప్త

మా మేనత్త దగ్గర నెగ్గిన సెంటు సీసాలు చాలా తక్కువ. దుబాయి పెట్టెలో వచ్చిందైనా, కీసరగుట్ట జాతరలో కొన్నదైనా, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునే అలవాటు ఆమెకు లేదు. ముంజేతి మీద ఒక చుక్క రాయించుకుని, "పొద్దుమీకినంక చెప్త తియ్" అని కొంగు దోపుకుని పనిలో పడేది. తెచ్చినవాళ్ళ మొహం చిన్నబోయేది. అంత దూరం నుంచి మోసుకొచ్చాం, బాగుందని ఒక్క మాట అంటే ఏం పోయిందని వాళ్ళ బాధ.

1980లలో మేం షామీర్‌పేటలో ఉండేవాళ్ళం. అత్తమ్మది మేడ్చల్. రెండూ హైదరాబాదుకు ఉత్తరానే ఉన్నా దార్లు వేరు. మాది కరీంనగర్ రోడ్డు, వాళ్ళది నిజామాబాద్ రోడ్డు. బడికి సెలవులిస్తే బాపు నన్ను స్కూటర్ వెనక కూచోబెట్టుకుని అత్తమ్మ ఇంట్లో దింపి వచ్చేవాడు. మేడ్చల్‌కు రైలు కూడా ఉండేది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా వెళ్ళే మీటర్ గేజ్ లైను అది. మా ఇంటి సెంట్లకూ ఆ రైలుకూ సంబంధం ఉంది. మా చిన్నమ్మను ఇచ్చింది కామారెడ్డి వైపు. చిన్నాయన దుబాయి నుంచి వస్తే బొంబాయిలో విమానం దిగి, మన్మాడ్‌లో బండి మారి, ఆ చిన్న పట్టాల మీదే ఇల్లు చేరేవాడు. నాలుగు రోజులాగి మళ్ళీ అదే రైల్లో మేడ్చల్ వచ్చేవాడు, చేతిలో తాళ్ళతో బిగించిన సంచితో. అందులో యార్డ్లీ పౌడరు, టైగర్ బామ్, లక్స్ సబ్బులు, చీర ముక్కలు, అన్నిటికంటే అడుగున గుడ్డలో చుట్టిన సెంటు సీసా. ఆ రోజుల్లో గల్ఫ్ సంచుల్లో రెవ్లాన్ వాళ్ళ చార్లీదే రాజ్యం. 1973లో అమెరికాలో పుట్టిన సెంటు పదేళ్ళు తిరక్కుండానే మేడ్చల్ పెళ్ళిళ్ళలో తిరిగేది.

అత్తమ్మ వాళ్ళది ద్రాక్షతోట. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గాని, మేడ్చల్, షామీర్‌పేట చుట్టూ అప్పుడు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళే. అనాబ్-ఎ-షాహి, లేత పసుపు రంగు తిరిగిన పెద్ద పెద్ద గుత్తులు. పండు తీపే గాని ఆ తోట వాసన మాత్రం తీపి కాదు. మైలతుత్తం, సున్నం కలిపిన బోర్డో మందు ఆకుల మీద నీలంగా ఎండి ఉండేది. పందిరి కింద పశువుల ఎరువు, పక్కన మోటరు నూనె. అందులో బతికే మనిషి ముక్కును మోసం చేయడం కష్టం. "గీ మందు కొట్టినంక సుత తెలిస్తెనే అది సెంటు" అనేది అత్తమ్మ.

ఆమె పరీక్ష ఇట్లా ఉండేది. పొద్దున ముంజేతికి రాయించుకున్నాక బాయి కాడికి వెళ్ళి నీళ్ళు మళ్ళించేది, బర్రెలకు గడ్డి కోసేది, మధ్యాహ్నం ఎండలో కూలోళ్ళతో సమానంగా గుత్తులు దింపేది. సాయంత్రం పొయ్యి ముందు కూచుని జొన్నరొట్టెలు చేసేది. అంటే ఆ చుక్క మీద చెమట, దుమ్ము, ఎండ, పొగ అన్నీ పోయాక గాని తీర్పు లేదు. కడుక్కునేటప్పుడు మాత్రం ఆ ముంజేయి తడవనిచ్చేది కాదు. దీపం పెట్టాక అరుగు మీద కూచుంటే వాడకట్టు ఆడవాళ్ళంతా చేరేవారు. అప్పుడు చెయ్యెత్తి, ముక్కుకు ఆనించకుండా కొంచెం ఎడంగా పెట్టి, ఒక్కసారి పీల్చేది. తీర్పులు మూడే. "ఉత్త స్పిరిటు." "పోయింది." "ఉన్నది."

"ఉన్నది" అనిపించుకుంటే ఆ సీసా పెళ్ళి చీరల పెట్టెలోకి వెళ్ళేది. "ఉత్త స్పిరిటు" అయితే మా పిల్లలకు. స్ఫటికంలా చెక్కిన మూతతో వచ్చిన ఒక ఖరీదైన సీసా, పేరు చెప్పను, అట్లాగే మా చేతికొచ్చింది. దాంతో మేం బొమ్మల పెళ్ళిళ్ళు చేశాం. చిన్నాయన ఆ పూట అన్నం సరిగా తినలేదు.

సెంటు ఎట్లా కడతారో చాలా ఏళ్ళ తర్వాత చదివితే ఆమె పద్ధతే సరైనదని తేలింది. స్ప్రే చేసిన వెంటనే ఎగిరిపోయేది ఆల్కహాలు. దాని వెంటే నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనలు పది పదిహేను నిమిషాల్లో పోతాయి. తర్వాత గంటో రెండు గంటలో గులాబీ, మల్లె లాంటి పూల వాసనలు. చివరిదాకా చర్మాన్ని పట్టుకుని ఉండేవి చందనం, కస్తూరి, బంక జాతి బరువైనవి. దుకాణంలో కాగితం ముక్క మీద కొట్టి ఇస్తే మనం చూసేది మొదటి పది నిమిషాలు. డబ్బిచ్చేది రోజంతటికీ. పైగా ముక్కు ఒకే వాసనకు కాసేపట్లో అలవాటు పడిపోతుంది, ఉన్నా లేనట్టే చెబుతుంది. చెయ్యి ఎడంగా పెట్టి ఒక్కసారే పీల్చడం వెనక సంగతి అదే. మణికట్లు రెండూ ఒకదానికొకటి రుద్దుకునేవాళ్ళను చూస్తే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది. "రుద్దితె ఏం మిగుల్తదే?" అనేది. ఇందులో ఆమె కొంచెం అతి చేసేదనే నా అభిప్రాయం.

ఆ అరుగు మీద ఎప్పుడూ నెగ్గింది పక్కింటి చాచా అత్తరు. చాచా నెలకోసారి చార్మినార్ వైపు వెళ్ళి పత్తర్‌గట్టీలో అత్తరు తెచ్చుకునేవాడు. శుక్రవారం నమాజుకు పోయే ముందు దూది పోచను అందులో ముంచి చెవి మడతలో పెట్టుకునేవాడు. మేం ఎదురుపడితే "ఆ బేటా, హాత్ ఇదర్ లా" అని మా చేతి వెనక గాజు పుల్లతో ఒక గీత గీసేవాడు. ఎండాకాలం ఖస్, చలికాలం హీనా, షమామా. వేసవిలో చల్లనివి, చలిలో వేడివి అన్నది హైదరాబాదు అత్తరు దుకాణాల్లో ఇప్పటికీ నడిచే లెక్క. ఖస్ అంటే మన వట్టివేరు. మేడ్చల్ ఎండల్లో కిటికీలకు కట్టి నీళ్ళు చల్లే తడికల వాసనే అది, చిక్కబడి సీసాలో దిగినట్టు.

ఒకసారి వానలకు ముందు చాచా మట్టి అత్తరు తెచ్చాడు. తొలకరి పడ్డ నేల వాసన సీసాలోంచి వస్తుంటే పిల్లలం ఆకాశం వైపు చూశాం. అది ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో తయారవుతుంది. కాల్చిన మట్టి బిళ్ళల్ని రాగి డేగిశాలో నీళ్ళు పోసి కాస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా వెళ్ళి ఇంకో రాగి కుండలో ఉన్న చందనం నూనెలో కలుస్తుంది. ఆ చందనమే వాసనను పట్టి ఉంచుతుంది. అందుకే అత్తమ్మ ముంజేతి మీద అత్తరు మర్నాటికి కూడా "ఉన్నది" అయ్యేది. ఇప్పుడు చందనం ధర ఆకాశంలో ఉంది, చౌక అత్తర్లలో చాలావాటికి అడుగున ఉండేది పారాఫిన్ నూనె. పేరు చూసి మోసపోకూడదు.

మొహానికి రాసుకునేవాటికి ఆమె పరీక్ష వేరు. ఇక్కడ సాయంత్రం దాకా ఆగేది లేదు, ఎండలోకి రమ్మనేదే. గాజులాయన రేకు పెట్టెతో వచ్చేవాడు. గాజుల కింద అరలో ఐటెక్స్ కాటుక, తిలకం సీసాలు, రిబ్బన్లు, పాండ్స్ పౌడరు, అఫ్ఘాన్ స్నో. ఆ స్నో 1919 నుంచీ బొంబాయిలో పాటన్‌వాలా కంపెనీ చేసేది. రాసుకుంటే చర్మంలోకి ఇంకిపోయినట్టే ఉండి, మీద జిడ్డులేని పొర ఒకటి మిగిలేది. దాని మీద పౌడరు బాగా పట్టేది. మా అక్కలు రెండూ దట్టంగా పూసుకుని చీకటి గదిలో అద్దం ముందు మురిసేవారు. అత్తమ్మ చెయ్యి పట్టి వాకిట్లోకి లాగేది. "మొకం గాదు, మెడ జూడు. సున్నమేసిన గోడ లెక్కున్నది."

మెడ మాట ఊరికే అన్నది కాదు. మేడ్చల్ ఫోటో స్టూడియోలో పెళ్ళిచూపుల కోసం తీయించిన అక్క ఫోటోలో మొహం తెల్లగా, మెడ, చేతులు మామూలు రంగులో వచ్చాయి. పెట్టెలో ఉన్న పౌడరు అంతా ఒకటే రంగు, తెలుపు. చామనఛాయ మనుషులున్న నేలలో చామనఛాయ పౌడరు దొరకలేదు. దానికి తోడు 1975 నుంచీ ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చి నలుపును జబ్బు చేసింది. ఆ పేరులోంచి ఫెయిర్ తీసేయడానికి 2020 దాకా పట్టింది. 2017లో రిహానా ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 ఛాయల ఫౌండేషన్‌తో వస్తే ప్రపంచమంతా గొప్పగా చెప్పుకుంది. నాకు మాత్రం కోపమే వచ్చింది, ఇంత ఆలస్యమా అని.

వెలుతురు సంగతి అత్తమ్మకు చిందు భాగవతుల దగ్గర తెలిసింది. పంట చేతికొచ్చాక చిందోళ్ళు ఊళ్ళోకి వచ్చేవారు. పగలు వాళ్ళు మొహాలకు రంగు వేసుకుంటుంటే మేం చుట్టూ మూగేవాళ్ళం. పసుపచ్చని అర్దళం పూసి, మీద ఎరుపు, నలుపు గీతలు. దగ్గరగా చూస్తే భయమేసేది. రాత్రి పెట్రోమాక్స్ లైట్ల ముందు అదే మొహం బంగారంలా మెరిసేది. "దీపం ముంగట అందం వేరు, ఎండల అందం వేరు. నువ్వు యాడికి పోతున్నవో గా వెలుతుర్లనే సూస్కోవాలె" అని అత్తమ్మ మా అందరికీ చెప్పేది. అర్దళం ఆర్సెనిక్ ఖనిజమని, ఆ కళాకారులు రాత్రంతా దాన్ని చెమటతో కలిపి మోసేవారని ఆమెకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు.

కాటుక మాత్రం ఆమె కొననిచ్చేది కాదు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, రాత్రంతా పట్టిన మసిని వెన్నతో నూరి భరిణెలో పెట్టేది. ఐటెక్స్ కంటే బాగుండేదా? అరగంటలో కారిపోయేది. అయినా ఇంటి కాటుకను ఓడించడానికి ఎవరికీ ధైర్యం లేదు. అందరి సీసాలనూ నిలబెట్టి అడిగే మనిషి తన భరిణె దగ్గరకొచ్చేసరికి పక్షపాతం చూపేది.

లిప్‌స్టిక్కు మా వాడకట్టుకు లాక్మే పేరుతోనే వచ్చింది. 1952లో టాటాలు మొదలుపెట్టిన కంపెనీ. మొదటిసారి పెళ్ళికూతురి పెదవులకు వేసినప్పుడు పెద్దవాళ్ళు నాటకాల వేషమన్నారు. అత్తమ్మ పెళ్ళిభోజనం అయ్యేదాకా ఆగి, గ్లాసు అంచు చూసి, "గ్లాసుకు అంటలే, మంచిదే" అంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడా ద్రాక్షతోట లేదు. మేడ్చల్ నుంచి షామీర్‌పేట మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు పోతోంది. పందిళ్ళున్న చోట్ల వెంచర్లు, గోదాములు. షామీర్‌పేట పక్క తుర్కపల్లిలో 1999 నుంచీ జీనోమ్ వ్యాలీ పెరిగి, మందుల మీద, టీకాల మీద ప్రయోగాలు చేసే సంస్థలతో నిండిపోయింది. సౌందర్య సాధనాల్ని జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. మా అరుగు మీద ఆ సమస్య ఎప్పుడూ రాలేదు, జంతువులం మేమే.

అత్తమ్మకు 2021లో కరోనా వచ్చి తగ్గింది గాని వాసన పోయింది. జొన్నరొట్టె మాడుతున్నా తెలియలేదు. ఆమె జీవితంలో నేను చూసిన నిజమైన దిగులు అదొక్కటే. డాక్టరు వాసనల అభ్యాసం చేయమన్నాడు. జర్మనీలో 2009లో హమ్మెల్ అనే వైద్యుడి బృందం చూపిన పద్ధతి అది. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగూ రోజుకు రెండుసార్లు, నెలల తరబడి, మనసు పెట్టి పీల్చాలి. నేను గులాబీ అత్తరు, నీలగిరి తైలం తీసుకెళ్ళి ఇచ్చాను. ముందు లవంగం తిరిగొచ్చింది, చాలా వెనక గులాబీ. నిమ్మ ఇప్పటికీ సగమే. ఎనభై దాటిన ముక్కుకు అది తక్కువేం కాదు.

మొన్న మా మేనకోడలు మాల్‌లో వేల రూపాయల డిజైనర్ పెర్ఫ్యూమ్‌లు వరసగా కాగితాల మీద కొట్టించుకుంటూ, ఏది తీసుకోవాలో తేలక ఫోన్ చేసింది. ఒకటి ఎడమ చేతికి, ఒకటి కుడి చేతికి కొట్టించుకుని ఏమీ కొనకుండా ఇంటికి రమ్మన్నాను. మీకూ అదే చెబుతున్నాను. ఫౌండేషన్ అయితే దవడ అంచున రాయించుకుని దుకాణం బయట ఎండలో చూసుకోండి. సెంటు అయితే ఇంటికెళ్ళి వంట చేయండి, బట్టలుతకండి, రాత్రి భోజనం అయ్యాక చెయ్యి చూసుకోండి. ఉంటే మర్నాడు వెళ్ళి కొనుక్కోండి. పత్తర్‌గట్టీలో మంచి అత్తరు దుకాణాలవాళ్ళు ఇందుకు ఏమీ అనుకోరు. మొహం చిట్లించే దుకాణంలో కొనకండి.