రాని శత్రువు కోసం

మా అమ్మాయి కాపురం జపాన్‌లో, ఫుకువోకాలో. మూడు నెలలుందామని వెళ్ళిన నేను, మొదటి వారంలోనే దాని వంటింటి అలమార బియ్యంతో, పప్పులతో నింపేశాను. "ఇక్కడేమైనా కరువొచ్చిందా అమ్మా? వీధి చివరే కొట్టుందిగా!" అని విసుక్కుంది. మాటా మాటా పెరిగింది. రెండు రోజులు మాటల్లేవు.

ఆదివారంనాడు మా అల్లుడు "కోట చూద్దురుగాని రండి, అత్తయ్యగారూ" అంటూ ఇద్దర్నీ షివోజీ కొండకి బయల్దేరదీశాడు. కోటంటే గోల్కొండలా బురుజులుంటాయనుకున్నాను. తీరా చూస్తే అన్నీ చెట్లే! మధ్య మధ్య మట్టికట్టలు, నాచు పట్టిన రాళ్ళు.

అల్లుడు కథ చెప్పాడు. కొరియాలో తమ మిత్రరాజ్యం బేక్జేని నిలబెట్టాలని వెళ్ళిన జపాన్ సేన 663లో చైనా టాంగ్ సేన, సిల్లా రాజ్యం చేతుల్లో చిత్తుగా ఓడిందట. ఇక శత్రువు ఇంటిమీదికే వస్తాడని హడలిపోయి, 664లో కింద మైదానానికడ్డంగా మిజుకి అనే కట్ట వేశారు. 665లో ఈ ఓనో కోట కట్టారు. దగ్గరుండి కట్టించింది రాజ్యం పోగొట్టుకుని పారిపోయి వచ్చిన బేక్జే వాళ్ళే. 410 మీటర్ల కొండ చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల గోడ! లోపల డెబ్భై దాకా కట్టడాల పునాదిరాళ్ళు. ధాన్యం కొట్లూ ఉండేవట. ఒకచోటికి 'మాడిన బియ్యపు మైదానం' అని పేరు. అక్కడ బొగ్గయిపోయిన బియ్యపు గింజలు దొరికాయట.

"ఇంతకీ ఆ శత్రువు వచ్చాడా?" అన్నాను.

"రానేలేదు."

అమ్మాయి పకపకా నవ్వింది. "రానివాడి కోసం ఇంత చాకిరీయా! అచ్చం నీలాగే అమ్మా!"

నాకు నవ్వు రాలేదు. ఓ రాయి మీద కూలబడి, ఇన్నేళ్ళుగా దానికి చెప్పని సంగతి చెప్పాను. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెన. మా నాన్న నింపుకున్న గాదె నీళ్ళపాలైంది. మర్నాటి నుంచి తమ్ముడు అన్నం, అన్నం అని ఏడుస్తూంటే, అమ్మ ఉత్త చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది. అప్పట్నుంచీ బియ్యం డబ్బా అడుగు కనిపిస్తే నాకు నిద్ర పట్టదు.

ఆ గోడ కట్టించినవాళ్ళని చూసి ఎవరైనా నవ్వితే నవ్వనీండి. ఒకసారి అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు ఇంకెలా కడతారు, మీరే చెప్పండి!

అమ్మాయి ఏమీ అనలేదు. దిగేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే అలమార తెరిస్తే, డబ్బాలన్నిటికీ తేదీలు రాసిన చీటీలు అంటించి ఉన్నాయి.

"పాతవి ముందు వాడమ్మా, పురుగు పడుతుంది" అంది వెనకనుంచి.