పూటకూళ్ళ చదువు

శాన్‌ఫ్రాన్సిస్కోలో బాల్బోవా పార్క్ స్టేషను దగ్గర రైలు దిగి నాలుగడుగులు వేస్తే సిటీ కాలేజీ వస్తుంది. కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ళ చదువు చెప్పే కాలేజీ. పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడూ చేరవచ్చు, పిల్లల పెళ్ళిళ్ళు చేసిన ఇల్లాలూ చేరవచ్చు. ఈ కాలేజీ 1935లో పుట్టింది. ఇక్కడ హోటలు చదువు దాదాపు కాలేజీ యీడుదే. 2017లో నగరవాసులకు ట్యూషను ఫీజు కూడా ఎత్తివేశారు.

వంతెనలూ సముద్రమూ వుండగా నేనక్కడికి వెళ్ళడానికి కారణం మా అక్కయ్య. ఆ దేశంలోనే పుట్టి పెరిగిన మా మేనల్లుడు ఇంజనీరింగు మధ్యలో మానేసి, అక్కడ హోటలు నిర్వహణ చదువుతున్నాడు. "పూటకూళ్ళమ్మ చదువట! నువ్వయినా నాలుగు చీవాట్లు పెట్టు" అని అక్కయ్య వుత్తర్వు.

వెళ్ళేసరికి మావాడు తెల్లకోటు మీద ఏప్రాను కట్టుకుని అంట్లు తోముతున్నాడు. "ఈ వారం నా వంతు, మామయ్యా" అన్నాడు. తోమడం, తరగడం, వండడం, వడ్డించడం, డబ్బు పుచ్చుకోవడం - అన్నీ వంతులవారీగా అందరూ చేయవలసిందే. రేపు మేనేజరు కాబోయేవాడికి అంట్లబాధ తెలియాలి గదా!

ఒక మూల పెద్ద గుండిగలో సూపు దించారు. దాన్ని మనలా మూతపెట్టి వదలలేదు. వెడల్పాటి లోతులేని పళ్ళేలలో పోసి, మంచులో పెట్టి, థర్మామీటరు గుచ్చారు. 135 డిగ్రీల ఫారన్‌హీటు నుంచి 70కి రెండు గంటల్లో, అక్కణ్ణుంచి 41కి మరి నాలుగు గంటల్లో దిగాలట. నింపాదిగా చల్లారితే ఆ గోరువెచ్చనలోనే క్రిములు పెరుగుతాయి. రాత్రి పప్పు పొద్దుటిదాకా పొయ్యి మీదే వుంచే ఇళ్ళు నాకు చాలా తెలుసు.

అంతకన్న నన్ను ఆశ్చర్యపరచినవి లెక్కలు. కొన్న వుల్లిపాయల తూకం వేరు, పొట్టు తీసిన తరవాత తూకం వేరు. ఆ తేడాతో సహా ప్లేటుకు ఎన్ని సెంట్లు పడిందో కట్టాలి. వంట బాగుండి లెక్క తప్పినా హోటలు మూతపడుతుంది.

స్టాట్లర్ అనే ఆయన పదమూడోయేట హోటల్లో పెట్టెలు మోసే కుర్రవాడుగా చేరాడు. 1908లో బఫెలో నగరంలో గదిగదికీ స్నానాలగది వున్న హోటలు కట్టి, రోజుకు ఒకటిన్నర డాలరుకు గది యిచ్చాడు. ఆయన భార్య ఆలిస్ పేరు ఈ కాలేజీలో హోటలు చదువు గ్రంథాలయానికి పెట్టారు. మన "కన్యాశుల్కం"లో అంతమందికి అన్నం పెట్టిన ఆవిడకో? పూటకూళ్ళమ్మ అన్నదే పేరు. మా అక్కయ్య నోట ఆ మాట తిట్టుగా రావడంలో వింతేముంది?

మధ్యాహ్నం విద్యార్థుల భోజనశాలలోనే తిన్నాను. వడ్డించినామెకు యాభై దాటి వుంటాయి. యేళ్ళ తరబడి ఒకరి వంటింట్లో కూరలు తరిగిందట. సొంతంగా చిన్న హోటలు పెట్టుకోవడానికి లెక్కలు నేర్చుకుంటున్నది. మావాడు ఆమె దగ్గర కత్తి పట్టడం నేర్చుకుని, ఆమెకు లెక్కలు చెపుతున్నాడు.

"అమ్మతో ఏం చెపుతావు మామయ్యా?" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.

"నువ్వు వడ్డించేది ఎప్పుడు?"

"వచ్చే గురువారం."

రెండు కుర్చీల బల్ల ఒకటి అక్కయ్య పేరా, బావగారి పేరా రాయించి రైలెక్కాను.