ఓపెన్ అంటే ఎవరికి ఓపెన్?

ముందే చెప్పేస్తున్నా, నాకు గోల్ఫ్ ఆడటం రాదు. క్రికెట్ తప్ప ఇంకో ఆట టీవీలో పెట్టని ఇంట్లో పెరిగినవాణ్ణి. ఐతే బెంగుళూరులో మా ఆఫీసున్న టెక్ పార్కు పక్కనే కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ వాళ్ళ కోర్సు ఉంది. రోజూ కళ్ళెదురుగా కనిపించేదాని గురించి ఓనమాలు కూడా తెలియకపోతే ఏం బాగుంటుందని, బిల్డ్ నడుస్తున్నంతసేపూ దాని గురించి చదవటం మొదలుపెట్టా. అలా చదువుతూ చదువుతూ ఇండియన్ ఓపెన్ చరిత్ర దగ్గర ఆగిపోయా. ఆపింది ఆట కాదు, ఆ 'ఓపెన్' అన్న మాట.

మన ఫీల్డులో ఓపెన్ అనగానే ఓపెన్ సోర్స్ గుర్తొస్తుంది. నాలాగా ఊరిచివర కాలేజీలో చదివినవాళ్ళకైతే 'ఓపెన్ డ్రైవ్' గుర్తొస్తుంది. పేరుకి ఓపెనే, తీరా వెళ్ళాక టెన్తు నుంచి బీటెక్ దాకా అన్నిట్లో 60 శాతం ఉంటేనే లోపలికి! ఆ క్యూలు తల్చుకుంటే ఇప్పటికీ కాళ్ళు లాగుతాయి :)

సరే, విషయానికొద్దాం. గోల్ఫ్‌లో ఈ మాట వయసు 160 ఏళ్ళ పైనే. 1860లో స్కాట్లండులోని ప్రెస్ట్‌విక్‌లో మొదటి ఛాంపియన్‌షిప్ పెడితే ఆడింది ఎనిమిది మంది ప్రొఫెషనల్స్. మరుసటేడు, 1861లో, ఈ పోటీ లోకంలో అందరికీ ఓపెన్ అని ప్రకటించారు. అంటే డబ్బు కోసం ఆడేవాడూ, సరదాకి ఆడే దొరగారూ ఒకే స్కోరు పట్టికలోకి వస్తారన్నమాట. ఆ కాలంలో ప్రొఫెషనల్ అంటే ఇప్పట్లాగా కోటీశ్వరుడు కాదు. దొరల కర్రలు తయారుచేస్తూ, వాళ్ళ సంచులు మోస్తూ, మైదానంలో గడ్డి చూసుకుంటూ బతికే పనివాడు. 1861లో గెలిచిన టామ్ మోరిస్ ఆ ప్రెస్ట్‌విక్ మైదానాన్ని చూసుకునే ఉద్యోగే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమొస్తుంది.

మన దేశానికి గోల్ఫ్ చాలా ముందే వచ్చింది. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829లో పుట్టింది. బ్రిటిష్ దీవుల బయట అంతకన్నా పాత క్లబ్బు లేదంటారు. కానీ దేశానికంతటికీ ఒక ఓపెన్ రావటానికి ఇంకో 135 ఏళ్ళు పట్టింది. ఆస్ట్రేలియా ఆటగాడు పీటర్ థామ్సన్ (బ్రిటిష్ ఓపెన్ ఐదుసార్లు గెలిచిన మహానుభావుడు) పూనుకుని ప్రోత్సహిస్తే 1964లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో మొదటి ఇండియన్ ఓపెన్ జరిగింది. గెలిచింది కూడా ఆయనే. తర్వాత 1966లో, 1976లో మళ్ళీ గెలిచాడు.

తెలియనివాళ్ళ కోసం ఆట సంగతి రెండు ముక్కల్లో: నాలుగు రోజులు, రోజుకి 18 హోల్స్, అందరికన్నా తక్కువ దెబ్బల్లో పూర్తిచేసినవాడు విజేత. మన బగ్ కౌంట్ లాంటిదే, ఎంత తక్కువుంటే అంత గొప్ప.

రెండో ఏడే, 1965లో, ప్రేమ్ గోపాల్ సేఠీ అనే మనవాడు గెలిచాడు. అందరూ బిల్లూ సేఠీ అనేవారట. ఆయన అమెచ్యూర్, అంటే ప్రైజు డబ్బు మీద ఆధారపడి ఆడేవాడు కాదు. ఆ తర్వాత చూస్తే 26 ఏళ్ళు ఒక్క భారతీయుడి పేరూ కనపడదు. జపాన్, తైవాన్, ఆస్ట్రేలియా, అమెరికా... ఇలా అందరూ వచ్చి కప్పు పట్టుకెళ్ళారు. తర్వాత యూఎస్ ఓపెన్ గెలిచిన పేన్ స్టీవర్ట్ కూడా 1981లో ఇక్కడ గెలిచాడు.

1991లో ఆ కరువు తీర్చినవాడు అలీ షేర్. ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్. ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడనుకున్నారు? ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా. మెంబర్ల బ్యాగులు మోసిన కుర్రాడు, అదే ఢిల్లీలో దేశపు ఓపెన్ గెలిచాడు. గాలివాటం అన్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ నోరు మూయించటానికా అన్నట్టు 1993లో మళ్ళీ గెలిచాడు.

క్యాడీ అంటే బరువు మోసే కూలీ అని చాలామంది అనుకుంటారు. జెండా ఎంత దూరముంది, గాలి ఎటు వీస్తోంది, గ్రీన్ మీద బంతి ఎటు ఒరుగుతుంది, ఏ కర్ర తీయాలి... ఇవన్నీ చెప్పేది అతనే. ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ కోడ్ రివ్యూ చేసినవాడికి కోడ్ రాయటం రాకుండా ఎలా ఉంటుంది? చాలా క్లబ్బుల్లో క్యాడీలని వారంలో ఒక పూట కోర్సు మీద ఆడనిచ్చే ఆనవాయితీ ఉంది. ఆ పూటే వాళ్ళ బడి.

2002లో గెలిచిన లక్నో విజయ్ కుమార్ క్యాడీగా మొదలైనవాడే. 2009లో గెలిచిన సి. మునియప్ప ఇక్కడే, ఈ బెంగుళూరు కోర్సులోనే క్యాడీగా ఉండేవాడు. ఆ ఏడు గుర్‌గావ్‌లో కొరియా ఆటగాడితో సమానమైతే ప్లేఆఫ్‌లో గెలిచాడు. మూడేళ్ళ తర్వాత, 2012లో, ఇండియన్ ఓపెన్ ఇదే బెంగుళూరు కోర్సులో జరిగింది. 2013లో గెలిచిన సిద్దికుర్ రెహమాన్ బంగ్లాదేశీయుడు. ఢాకాలోని కుర్మితోలా కోర్సులో బంతులు ఏరే కుర్రాడిగా మొదలుపెట్టి క్యాడీ అయి, అక్కణ్ణుంచి 2016 రియో ఒలింపిక్స్ దాకా వెళ్ళాడు.

ఇక నాకు అందరికన్నా నచ్చినవాడు ఎస్.ఎస్.పి. చౌరాసియా. నాన్న రాయల్ కలకత్తా క్లబ్బులో గ్రీన్‌కీపర్, అంటే గడ్డి చూసుకునే ఉద్యోగి. (టామ్ మోరిస్ గుర్తున్నాడుగా?) కోచ్ లేడు, చూసి నేర్చుకున్నాడు. 1999లో ఇండియన్ ఓపెన్‌లో రెండో స్థానం. 2006లో రెండో స్థానం. 2013లో రెండో స్థానం. 2015లో అనిర్బన్ లాహిరి చేతిలో ప్లేఆఫ్‌లో ఓడి మళ్ళీ రెండో స్థానం. మనమైతే రెండోసారికే నౌకరీలో రెజ్యూమె అప్‌డేట్ చేసుకుని ఉండేవాళ్ళం. ఆయన 2016లో గెలిచాడు, 2017లో ఏడు దెబ్బల తేడాతో మళ్ళీ గెలిచాడు. మొదటి రెండో స్థానం నుంచి మొదటి గెలుపు దాకా 17 ఏళ్ళు!

ఇదంతా లంచ్ దగ్గర మా టీములో విజయవాడ మిత్రుడికి చెబితే, "చూశావా బాసూ, టాలెంటుంటే ఎవడూ ఆపలేడు. ఇంకేం కావాలి?" అన్నాడు. మనలో చాలామంది నమ్మకం ఇదే. మనం కూడా అలాగే వచ్చామని మనకో నమ్మకం కదా.

నాకు మాత్రం ఆ జాబితా ఇంకోటి చెబుతోంది. 1964 నుంచి 2025 వరకు ఈ పోటీ గెలిచిన భారతీయులు తొమ్మిదిమంది, మొత్తం 13 సార్లు. బిల్లూ సేఠీ, అలీ షేర్, ఫిరోజ్ అలీ, అర్జున్ అత్వాల్, మూడుసార్లు గెలిచిన జ్యోతి రంధావా, విజయ్ కుమార్, మునియప్ప, లాహిరి, చౌరాసియా. కోర్సు లోపలికి వెళ్ళటానికి మన దేశంలో ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి మెంబరుషిప్పు, లేదా దానికి సాటివచ్చే హోదా. లాహిరి నాన్న సైన్యంలో డాక్టరు, కంటోన్మెంట్లలో గోల్ఫ్ కోర్సులుంటాయి. రెండోది పనివాళ్ళ గేటు. మరి బడిపంతులు కొడుకో, ఆర్టీసీ కండక్టర్ కూతురో, కిరాణా కొట్టు నడిపేవాళ్ళ పిల్లాడో? వాళ్ళకి ఏ గేటూ లేదు. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా దగ్గర ఒక కోర్సుంది, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ ఉంది. మనలో ఎంతమందిమి వాటి గోడలు తప్ప ఇంకేమైనా చూశాం?

అలీ షేర్ గెలుపు క్లబ్బు గొప్పతనం కాదు. బ్యాగు మొయ్యటానికి మనిషి కావాలి కాబట్టి గేటు తీశారు, ఆ సందులోంచి ఆయన ఆట నేర్చేసుకున్నాడు. టోర్నమెంటు ఓపెనే, కాదనను. స్కోరు కార్డు ఎవరి కొడుకువని అడగదు, అదే దాని గొప్పతనం. కానీ ఆ కార్డు చేతికొచ్చేలోపే చాలా ప్రశ్నలు అడిగేస్తారు.

ఇదంతా నాకెందుకంటారా? మా బాబాయి కొడుకు ఇదే టెక్ పార్కులో కాంట్రాక్టు మీద సపోర్టు పని చేస్తున్నాడు. బీఎస్సీ చదివాడు. కొత్తగా చేరినవాళ్ళకి లాప్‌టాప్‌లు సిద్ధం చెయ్యటం, పాస్‌వర్డులు మార్చటం వాడి పని. రోజూ నలభై సార్లు చేసే పనికి విసుగొచ్చి, రాత్రిళ్ళు కూర్చుని పైథాన్ నేర్చుకుని, గంట పట్టే పని పది నిమిషాల్లో అయ్యేలా స్క్రిప్టు రాసుకున్నాడు. నేను చూశాను, మా టీములో కొందరు రాసేదానికన్నా శుభ్రంగా ఉంది. మొన్నామధ్య మా దగ్గర ఆటోమేషన్ పోస్టు ఒకటి పడింది, 'అందరు ఉద్యోగులకీ ఓపెన్' అని. వాడి ట్యాగ్ రంగు వేరు కదా, ఆ పోర్టల్లో వాడికి లాగిన్ లేదు. బయటి నుంచి అప్లై చేద్దామంటే బీటెక్కో ఎంసీయేనో ఉండాలి.

"ఓడిపోతే బాధ లేదన్నయ్యా, అసలు ఆడనివ్వరేంటి?" అన్నాడు.

వాడు గేటు లోపలే ఉన్నాడు. మనందరి బ్యాగులూ మోస్తున్నాడు. ఇక్కడ క్యాడీల పూట కూడా లేదు, అంతే తేడా.

గోల్ఫ్ వాళ్ళ దగ్గర మనం నేర్చుకోదగ్గది ఒకటుంది. అమెరికా పీజీయే టూర్‌లో చాలా పోటీలకి కొన్ని స్థానాలు సోమవారం జరిగే అర్హత పోటీకి వదిలిపెడతారు. అక్కడ ముందురోజు దాకా నువ్వెవరన్నది అనవసరం, ఆ ఒక్కరోజు స్కోరే లెక్క. 2010లో అర్జున్ అత్వాల్ అలా సోమవారం అర్హత సాధించి, ఆ వారమే విండమ్ ఛాంపియన్‌షిప్ గెలిచేశాడు. పీజీయే టూర్‌లో గెలిచిన మొదటి భారత సంతతి ఆటగాడు... కాదు కాదు, భారతదేశంలో పుట్టిన మొదటి ఆటగాడు (విజయ్ సింగ్ ఫిజీవాడు కాబట్టి ఈ సవరణ). అలాంటి సోమవారం ఒకటి మన ఆఫీసుల్లో పెట్టటానికి అయ్యే ఖర్చెంత? ఒక ఆన్‌లైన్ టెస్టు, రెండు గంటలు. ట్యాగ్ రంగు చూడకుండా, డిగ్రీ చూడకుండా.

వాడికి ఉద్యోగం ఇవ్వమని నేను అడగలేదు, టెస్టు రాయనివ్వమని మాత్రం ఆ పోస్టు చూస్తున్న మేనేజరుకి మెయిల్ పెట్టాను. "రూలు అది కాదు, హెచ్చార్‌ని అడుగుతా" అన్నారు. ఇంకా జవాబు రాలేదు. మళ్ళీ అడుగుతాను.

2018 నుంచి 2025 దాకా జరిగిన ఐదు ఇండియన్ ఓపెన్‌లలోనూ విదేశీయులే గెలిచారు. (2020 నుంచి మూడేళ్ళు కరోనా వల్ల జరగలేదు.) మనవాడు మళ్ళీ ఎప్పుడు గెలుస్తాడని జనం అడుగుతున్నారు. గేటు దగ్గర నిలబడిపోయినవాళ్ళలో ఎంతమంది చౌరాసియాలున్నారో ముందు చూసుకుంటే మంచిది. గోల్ఫ్ సంగతి వాళ్ళు చూసుకుంటారు, మీ ఆఫీసులో సంగతేమిటి?