గౌతమి మోసుకొచ్చిన తీరం

జూలైలో గోదారికి ఎర్రనీరు తగిలిందంటే ధవళేశ్వరం జనం గట్టెక్కి చూస్తారు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద ఇక్కడి వాళ్ళకి ఇప్పటికీ కొలమానం. బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేసిన మర్నాడు పేపర్లో ఒక వార్త తప్పనిసరిగా ఉంటుంది, ఇన్ని లక్షల క్యూసెక్కులు వృథాగా సముద్రం పాలయ్యాయని. ఆ నీటి వెంట గౌతమీ పాయ చివరిదాకా వెళ్ళొచ్చిన మనిషి ఆ మాట రాయలేడు. ఆ ఎరుపంతా మన్ను. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చి కలిపిన మన్ను. త్ర్యంబకం నుంచి 1,465 కిలోమీటర్లు నడిచిన నది చివర్లో దానితోనే ఒక అడవిని నిలబెట్టింది, ఒక దీవిని కట్టింది.

ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఇప్పుడున్న బ్యారేజీ దాని తర్వాతిది. అది దాటాక నది రెండుగా చీలి వశిష్ఠ పడమటి దారి పట్టింది, గౌతమి తూర్పుకు తిరిగింది. కపిలేశ్వరపురం, కోటిపల్లి మీదుగా సాగే ఈ పాయలో లంకలే లంకలు. అరటి, కూరగాయలు, పశువుల మేత, అన్నీ ఆ ఒండ్రులోనే. ఒక వరద లంకని ఒకవైపు కోసుకుపోతే, అదే వరద దిగువన మరోచోట మేట వేస్తుంది. పోయిన రైతు వేరు, కలిసొచ్చిన రైతు వేరు. నదికి మాత్రం లెక్క సరిపోయినట్టే.

ఎదుర్లంక, యానాం మధ్య వంతెన కిందికి వచ్చేసరికి గౌతమి ఇక పూర్తిగా నది కాదు. పోటుకి సముద్రం లోపలికి తోసుకొస్తుంది, పాటుకి వెనక్కి తీస్తుంది. ఎర్రనీటికి ఎదురీదుతూ పులస చేప పైకెక్కేది ఈ దారినే. యానాం దాటాక పెద్ద పాయ భైరవపాలెం వైపు సముద్రంలోకి పోతుంది. కోరంగి, గాడేరు అనే చిన్న పాయలు ఉత్తరానికి తిరిగి కాకినాడ అఖాతంలోకి చేరతాయి. నేను చెప్పదలచుకున్న తీరానికి దారి ఈ చిన్న పాయలదే.

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కణ్ణించి ఎంతమంది రంగూన్ వెళ్ళారంటే, బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలన్న పేరే స్థిరపడింది. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపానుకి సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఇలాంటి తుపాన్లనే కలకత్తాలో కూర్చుని పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో 'సైక్లోన్' అన్న పేరు పెట్టాడు. రెండు ఉప్పెనలకు తోడు ఒండ్రు పూడిక కూడా పడడంతో రేవు మళ్ళీ కోలుకోలేదు. ఓడలకు పనికిరాకుండా చేసిన ఆ ఒండ్రు మీదే మడ అడవి విస్తరించింది. అందులో 235.70 చదరపు కిలోమీటర్లు 1978 నుంచి కోరింగ వన్యప్రాణుల అభయారణ్యం.

పాటు వేళ పడవలో వెళ్తే అడవి కాళ్ళు కనిపిస్తాయి. బురదలోంచి వేలెడంత వేళ్ళు వేలకొద్దీ పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఊపిరాడని బురదలో మడచెట్టు గాలి పీల్చేది వాటితోనే. మడ ఆకు అడుగున నాలుక ఆనిస్తే ఉప్పు తగులుతుంది. తాగిన నీటిలోని ఉప్పుని చెట్టు ఆకుల మీదికి నెట్టేసుకుంటుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం ఎవరూ పోరు, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని. ఉప్పుపొన్న కాయ కొమ్మ మీదుండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, కింద బురదలో గుచ్చుకునేలా పడుతుంది. అడవి దెబ్బతిన్న చోట నేల ఉప్పు తేలి చవుడైపోతే, అటవీశాఖ వాళ్ళు చేపముల్లు ఆకారంలో కాల్వలు తవ్వించి పోటునీరు లోపలికి వచ్చిపోయేలా చేశారు. అప్పుడు నాటిన మొక్కలు బతికాయి. చెట్టుకి అక్కడ కావలసింది నీటి రాకపోకలే. మండపీతలు, రొయ్యపిల్లలు ఆ వేళ్ళ మధ్యే పెరుగుతాయి. బావురుపిల్లి రాత్రిపూట అంచున కూర్చుని నీళ్ళలోకి పంజా విసిరి చేపని లాగుతుంది. నీటికుక్కలు గుంపుగా వేటాడతాయి. బురద మీద వాటి అడుగులు కనబడితే పడవ నడిపేవాళ్ళు మోటారు ఆపి చూపిస్తారు.

అడవి అయిపోయి అఖాతం విప్పారుతుంది. శీతాకాలంలో ఇక్కడి బురదమేటల మీద వేల మైళ్ళు ఎగిరొచ్చిన ఉల్లంకి జాతి పిట్టలు వాలతాయి. వాటితోపాటు పై ముక్కు కంటే కింది ముక్కు పొడుగున్న నల్లటి రెక్కల పిట్ట ఒకటుంటుంది. ఆ కింది ముక్కుతో నీటిని గీసుకుంటూ ఎగిరి, తగిలిన చేపని పట్టేస్తుంది. ప్రపంచంలో కొద్ది వేలే మిగిలిన ఈ పిట్టకి కాకినాడ తీరం ముఖ్యమైన చలికాలపు విడిది.

అవతల హోప్ ఐలాండ్. గౌతమి సముద్రంలో వదిలిన ఇసుకని కెరటాలు ఉత్తరానికి జరుపుకుంటూ పోగా, సుమారు 200 ఏళ్ళలో 16 కిలోమీటర్ల పొడవున లేచిన ఇసుక మేట అది. కాకినాడ రేవు ప్రశాంతంగా ఉండటం దాని చలవే. దీవిలో కొద్దిపాటి మత్స్యకారుల పాకలు, సరుగుడు, ఇసుక మీద పాకే తీగలు. సముద్రం వైపు పొడవునా ఖాళీ ఇసుక.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఎక్కేది ఆ ఇసుక మీదికే. ఒడిశాలోలాగా ఇక్కడ లక్షల్లో రావు, ఒక్కొక్కటిగా వస్తాయి. తల్లి పోటు అందని ఎత్తు చూసుకుని, వెనక రెక్కలతో ఒకటి తర్వాత ఒకటి మార్చి మార్చి ఇసుక తోడుతుంది. మూరెడు లోతు గొయ్యిలో వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, కప్పేసి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ దిమ్మిసతో కొట్టినట్టు ఇసుకని అదిమేస్తుంది. కళ్ళలోంచి కారేది ఒంట్లో ఎక్కువైన ఉప్పు. ఇక వెనక్కి చూడదు. 45 నుంచి 60 రోజులకు పిల్లలొస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది, వేడెక్కువైతే ఆడవే ఎక్కువ. కుక్కలు, నక్కలు తవ్వకముందే గుడ్లని కంచె వేసిన చోటికి మార్చి పొదిగించే పని అటవీశాఖ చేస్తోంది. కాపలా ఉండేది ఎక్కువగా ఆ చుట్టుపక్కల మత్స్యకారులే.

ఈ శ్రమకి తగ్గ ఫలితం నీళ్ళలో దక్కడం లేదు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపల గుడ్ల కాలాన్ని చూసి పెట్టుకున్నది. తాబేళ్ళు ఒడ్డు దగ్గర తిరిగేది అంతకుముందు, మరబోట్లు జోరుగా వేటాడే నెలల్లో. గాలి కోసం మధ్యమధ్య పైకి రావలసిన జీవం ట్రాలు వలలో గంటలకొద్దీ చిక్కితే చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. వలలోంచి తాబేలు తప్పించుకునే ద్వారమున్న పరికరం ఉంది, కొంత చేప కూడా పోతుందని బోటువాళ్ళు దాన్ని బిగించరు. ఆ నష్టం వాళ్ళ నెత్తిన వేసి ఊరుకుంటే ఎప్పటికీ బిగించరు. దాన్ని ప్రభుత్వం భరించాలి.

ఇంతకన్నా పెద్ద దెబ్బ పైనుంచి వస్తోంది. 1970ల్లో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మన్ను సముద్రానికి తెచ్చేది. 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. మిగతాది ఎగువ జలాశయాల్లో పేరుకుంటోంది. పోలవరం జలాశయం నిండితే అక్కడ ఇంకొంత ఆగుతుంది. మన్ను అందని తీరాన్ని కెరటం కోస్తుంది. కోసిన చోట ఇసుక నిట్టనిలువు గట్టులా నిలబడుతుంది. ఆ గట్టెక్కలేక తాబేలు గుడ్లతోనే వెనుదిరుగుతుంది. ఎండాకాలంలో బ్యారేజీ కిందికి మంచినీరు దాదాపు రాక మడ అడవిలో ఉప్పు పెరుగుతోంది. అభయారణ్యం హద్దులు నీళ్ళ మధ్య గీసుకున్నాం, దాన్ని పోషించే నది మాత్రం ఆ హద్దుల బయట ఉంది.

డెల్టా పొలాలకు నీరివ్వొద్దని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ప్రతి రబీకి ముందు తూర్పు డెల్టాకి ఎంత, మధ్య డెల్టాకి ఎంత, పశ్చిమ డెల్టాకి ఎంత అని లెక్క కట్టే కాగితం మీద, గౌతమి పాయకి ఎంత అన్న పద్దు కూడా ఒకటి ఉండాలి. పైన కట్టే ప్రతి జలాశయానికీ ఎన్ని టీఎంసీలు నిలుస్తాయన్న లెక్కతోపాటు, ఎంత మన్ను కిందికి వదులుతారన్నదీ రాసి చూపాలి.