ఎర్ర పొట్టు దీవి

హడో వైపు నుంచి చాథమ్ దీవికి వంతెన వంద మీటర్లు, కాస్త అటూ ఇటూగా. నడిస్తే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనే గాలి మారిపోతుంది. ఇవతల గట్టున డీజిలు, ఉప్పు, ఎండుచేపలు. అవతలి గట్టు దగ్గరపడే కొద్దీ అప్పుడే కోసిన పచ్చి చెక్క వాసన. బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ కోసం స్కూటర్లు, కూరగాయల బుట్టలు, బడి పిల్లలు ఒక పక్క వరసలో నిలబడి ఉంటారు. వాళ్ల పక్కనుంచే సామిల్లు గేటు. లోపలికి అడుగుపెడితే నేల మెత్తగా తగులుతుంది. కింద ఉన్నది మట్టి కాదు, పొట్టు. కొన్నిచోట్ల మామూలు గోధుమ రంగు, కొన్నిచోట్ల కుంకుమ ఒలికినట్టు ఎరుపు.

ఆ ఎరుపు పడౌక్ మానుది. అండమాన్ దీవుల రాష్ట్ర వృక్షం అదే. మన నల్లమలలో, మన్యంలో పెరిగే యేగిస, శేషాచలం కొండల ఎర్రచందనం, ఈ పడౌక్, మూడూ ఒకే ప్రజాతి చెట్లు. యేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున్నే తాగే చక్కెర వ్యాధి వాళ్లను మనం చూస్తూనే ఉంటాం. ఆ నీటికి దిగే రంగు ఎవరైనా గుర్తుచేసుకుంటే, పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం అవతల ఈ పొట్టు చూసినప్పుడు పరాయి చోటు అనిపించదు. చారెడు తీసి అరచేతిలో నలిపాను. చెమటకు తడిసి రంగు గీతల్లోకి దిగింది, సాయంత్రం దాకా పోలేదు.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. ఊళ్లో మాత్రం ఆటోవాళ్లు, కొట్లవాళ్లు ఇంకా పాత పేరే వాడుతున్నారు. ఆ ఊరికి పురుడు పోసింది ఈ చిన్న దీవే. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ మొదటి స్థావరం పెట్టింది చాథమ్ మీదే. మూడేళ్లకు దాన్ని ఉత్తరాన మరో రేవుకు మార్చారు, అక్కడ జబ్బులకు తట్టుకోలేక 1796లో మొత్తం వదిలేసి పోయారు. మళ్లీ అరవై ఏళ్లు అడవే. సిపాయిల తిరుగుబాటు తర్వాత 1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో ఓడ దిగాడు. ఆయన కూడా ముందు చాథమ్ మీదే మకాం పెట్టాడు. నీళ్లు చాలకపోవడంతో రాస్ దీవికి తరలిపోయాడు. సెల్యులార్ జైలు గోడలు లేవడానికి అప్పటికి ఇంకా నలభై ఏళ్లుంది. కాలాపానీ అనగానే మన కళ్లముందు ఆ జైలే మెదులుతుంది గానీ, తొలి ఖైదీల చేతికి అందింది గొడ్డలి, ఎదురుగా ఉన్నది కారడవి. దీవులను జైలుగా మార్చే పని చెట్టు కొట్టడంతోనే మొదలైంది.

1883లో అండమాన్‌లో అటవీ శాఖ ఏర్పడింది. అదే ఏడు చాథమ్‌లో సామిల్లు లేచింది. బ్యారకులు, వంతెనలు, ఆఫీసర్ల బంగళాలు కట్టుకోవడానికి కలప కావాలి. అంతకుముందు చాలాచోట్ల కోత అంటే గోతి కోతే. మానును గోతికి అడ్డంగా వేసి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పొడవాటి రంపం లాగాలి. మన ఊళ్లలోనూ మొన్నమొన్నటి దాకా రంపపు కోతగాళ్లు జంటలుగా తిరిగేవారు. కింద ఉన్నవాడి కంట్లో, నోట్లో పొట్టు. రోజంతా లాగితే పలకలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ చోటికి ఆవిరి వచ్చింది.

ఆవిరి సామిల్లును తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది దాని పొయ్యి. ఆవిరితో నడిచే బట్టల మిల్లుకైనా, పిండి మిల్లుకైనా బొగ్గు ఎక్కడినుంచో తేవాలి. సామిల్లుకు ఆ బాధ లేదు. మాను చుట్టూ పోయే బెరడు బద్దలు, అంచు ముక్కలు, పొట్టు, కోతలో పనికిరానివన్నీ బాయిలరు కిందికి పోతాయి. ఆ మంటకు నీరు ఆవిరవుతుంది, ఆవిరి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. నేల కిందుగా పొడవాటి ఇనప ఇరుసు ఒకటి మిల్లంతా పరుచుకుని ఉంటుంది. దాని మీది కప్పీల నుంచి పటకాలు పైకి వచ్చి ఒక్కో రంపాన్ని తిప్పుతాయి. యంత్రం ఒక్కటే, పళ్లు పది చోట్ల. గట్టి మాను రంపానికి తగిలినప్పుడు ఆ బరువు పటకా మీదుగా ఇరుసుకు, ఇరుసు మీదుగా చక్రానికి చేరి, యంత్రం ఊపిరి బరువెక్కుతుంది. కోత ఎలా సాగుతోందో చూడకుండానే, బాయిలరు దగ్గర నిలబడ్డవాడు చెవితో చెప్పగలడు.

తర్వాతి రోజుల్లో కరెంటు వచ్చింది. ఇప్పుడు మోటార్ల హోరే తప్ప ఆవిరి బుసలు లేవు. కానీ పని నడక మారలేదు. రేవు వైపు నుంచి దుంగ వస్తుంది. గొలుసులు పడతాయి, పట్టాల మీది బండి ఎక్కుతుంది. కోత మేస్త్రీ వెంటనే మీట వెయ్యడు. ఒకసారి మాను చివర చూస్తాడు. ఎక్కడ చేవ, ఎక్కడ తెల్లచెక్క, ఎక్కడ పగులు, ఎటు గుల్ల. ఒక పావు తిప్పించి మళ్లీ చూస్తాడు. మొదటి కోత ఎటు పడిందన్న దాన్ని బట్టే ఆ మానులో ఎన్ని దూలాలు, ఎన్ని పలకలు, ఎంత వృథా అన్నది తేలిపోతుంది. వందేళ్లు పెరిగిన చెట్టుకు అతను ఇచ్చే సమయం అర నిమిషం. ఆ అర నిమిషం కోసం ఎన్నేళ్ల అనుభవం కావాలో! చెయ్యి కదిలింది. బండి జరిగింది. రంపం మానులోకి దిగినప్పుడు వచ్చే కీచుశబ్దం మొదట ఒళ్లు జలదరించేలా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ లావెక్కి గొంతు మారుతుంది. మొదటి బద్ద విడివడి పడింది. బయట బూడిద రంగులో ఉన్న ఆ దుంగ లోపల నెత్తుటి ఎరుపు.

ఇక్కడికి వచ్చే మానులన్నీ పడౌక్‌లే కావు. గర్జన్ వస్తుంది, చుగ్లం వస్తుంది, ఇంటి నిర్మాణానికి ఎక్కువగా ఇవే. నల్లటి చారలతో మెరిసే మార్బుల్ ఉడ్ చాలా అరుదు. మన బీడీ ఆకు తునికి చెట్టుకు అది దగ్గరి చుట్టం. మిల్లు ఆవరణలోని అటవీ మ్యూజియంలో ఈ జాతులన్నింటి ముక్కలూ, చెక్కిన బొమ్మలూ వరసగా పెట్టారు. చూసి తీరాల్సిందే. అయినా నా మనసు కోత షెడ్డులోనే ఉండిపోయింది.

మాను మిల్లు దాకా రావడం వెనుక ఉన్న చెమట మాటేమిటి? తొలి రోజుల్లో అది ఖైదీలది. 1918 నుంచి ఛోటానాగపూర్ నుంచి గిరిజన కూలీలను తెచ్చారు. ఓరాన్లు, ముండాలు, ఖడియాలు. వాళ్లందరినీ దీవుల్లో నేటికీ రాంచీవాళ్లనే పిలుస్తారు. 1925లో బర్మా నుంచి కరెన్లు వచ్చి మాయాబందర్ దగ్గర ఊరు కట్టుకున్నారు. ఏనుగులను ఓడల్లో దింపారు. అవి అడవిలో మానులను ఈడ్చి ఒడ్డుకు చేర్చేవి. అక్కడినుంచి దుంగలను తెప్పలుగా కట్టి నీటి మీద చాథమ్‌కు లాక్కొచ్చేవారు. ఒక దీవిలో పని అయిపోతే ఏనుగులు మరో దీవికి ఈదుకుంటూ పోయేవి. ఇంటర్‌వ్యూ దీవిలో ఒక కలప వ్యాపారి వదిలేసిపోయిన ఏనుగుల సంతతి అడవి ఏనుగులైపోయింది.

మనవాళ్లూ శిక్షలు మోసుకుని ఈ దీవులకు వచ్చారు. 1879 నాటి రంప తిరుగుబాటులో పట్టుబడ్డవారు, ఆ తర్వాత అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారు. సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. అడవి మీద హక్కు కోసం పోరాడినందుకు శిక్షపడ్డ మన్యం మనిషిని, ఎవరిదో అడవిని కొట్టిస్తున్న దీవికి పంపారు. ఆ మాట తలపుకొచ్చినప్పుడు పక్కనున్న దుంగ మీద కూర్చోలేకపోయాను.

ఎవరిదో అడవి అన్నాను. ఆ ఎవరికీ పేరుంది. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల ఉండే గ్రేట్ అండమానీలు బ్రిటిషువాళ్లు వచ్చేనాటికి వేలల్లో ఉండేవారు. ఇప్పుడు యాభై చిల్లర. రోగాలు చంపాయి, తుపాకులు చంపాయి, తాగుడు చంపింది. చెట్లు పోవడం అందులో ఒక భాగం. జరావా తెగవారి అడవి అంచులు, లిటిల్ అండమాన్‌లో ఒంగే తెగవారి అడవి కూడా ఆ తర్వాత గొడ్డలి కిందికి వచ్చాయి. ఇక్కడ కోసిన పడౌక్ అమెరికా దాకా పోయింది, పుల్‌మన్ రైలు పెట్టెల లోపలి సొగసుకు దాన్ని వాడారు. లండన్ రాజమహలులోనూ ఈ చెక్క ఉందని మిల్లువాళ్లు గొప్పగా చెబుతారు. మెత్తటి పపీతా, ధూప్ మానులు మన దేశపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు చేరాయి. ఎక్కడో దీపం వెలిగించిన అగ్గిపుల్లలో ఎవరి అడవి కాలిందో వెలిగించినవారికి తెలిసే దారి లేదు.

1942 మార్చిలో జపాను సేనలు దీవులను పట్టుకున్నాయి. వాళ్ల విమానాలు వేసిన బాంబు మిల్లు ఆవరణలో పడి పెద్ద గొయ్యి చేసింది. దాన్ని పూడ్చకుండా చుట్టూ కంచె వేసి ఉంచారు. వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. చూడ్డానికి ఊరి చివర చిన్న కుంటలా ఉంటుంది. సందర్శకులు ఫొటోలు తీసుకుంటారు, పక్కనే మిల్లు నడుస్తూ ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కోత తగ్గలేదు, పెరిగింది. తూర్పు బెంగాల్ కాందిశీకులకు ఊళ్లు, రోడ్లు, ప్లైవుడ్ ఫ్యాక్టరీలు, ఓడల నిండా కలప. దీవుల్లో ఎనభై శాతానికి పైగా ఇప్పటికీ అడవే ఉందని లెక్కలు చెబుతాయి. కానీ పెద్ద మానులున్న అడవి వేరు, వాటిని తీసేశాక మిగిలిన అడవి వేరు. 2002 మే 7న సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. శేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సుల మీద ఇచ్చిన ఆదేశం అది. దీవుల నుంచి బయటికి కలప పోకూడదు. దీవుల్లోవారి అవసరానికి ఎంత కావాలో అంతే కొట్టాలి. ప్రైవేటు ప్లైవుడ్ మిల్లులు మూతపడ్డాయి. పనులు పోయినవాళ్లు చాలా మంది, ఆ బాధ చిన్నది కాదు. కానీ ఆ ఆదేశం వచ్చి ఉండకపోతే ఈపాటికి చాథమ్ మిల్లులో కోయడానికి మాను మిగిలేదా అన్నది నా సందేహం. మిల్లు ఆకలి తగ్గించుకుని బతికింది. ఒకప్పటి మోతలో ఇప్పుడు కొంతే. కొన్ని షెడ్లలో యంత్రాలు ఊరకే ఉన్నాయి, బెల్టు పట్టాలకు దుమ్ము పట్టింది.

దీన్ని మొత్తం మ్యూజియం చేసేస్తే పోదా అనేవాళ్లున్నారు. నాకది ఒప్పుదల కాదు. మానును చూసి అర నిమిషంలో కోత తేల్చే కన్ను, రంపం పళ్లను ఆకురాయితో ఒక్కొక్కటిగా రాసి పదును సరిచూసే వేలు అద్దాల బీరువాలో నిలిచేవి కావు. పదును పెట్టే గదిలో ఒక నడివయసు మనిషి పొడవాటి రంపం పట్టీని ముందుకు జరుపుతూ, పన్ను పన్నుకూ బొటనవేలు ఆనించి చూసుకుంటూ కనిపించాడు. పావుగంట నిలబడ్డాను. తలెత్తలేదు. ఇక్కడ రోజుకు నాలుగు మానులే కోసినా సరే, అది పనిగా కోయాలి, వచ్చినవాళ్లకు చూపించడానికి కాదు.

వంతెన దాటి వెనక్కి వస్తే హడో. విశాఖ ఓడ ఆగేది ఈ రేవులోనే. రెండు రోజులకు పైగా నీళ్ల మీద ఊగివచ్చిన మనిషికి ఓడ దిగగానే తెలుగు వినిపించడం మామూలు విషయం. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. ఎక్కువ మంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవారే. జంగ్లీఘాట్ రేవు దగ్గర వలలు బాగుచేసుకునే గుంపులో నిలబడితే భీమిలి ఒడ్డున ఉన్నట్టే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో సర్కారు బడి నడుస్తోంది. మూడో తరం పిల్లలు ఒకే వాక్యంలో హిందీ, తెలుగు, బెంగాలీ కలిపేసి మాట్లాడుతుంటే వినడానికి ముచ్చటగా ఉంటుంది.

అక్కడి ఒక సందులో వడ్రంగి పాక. అరవై దాటిన మేస్త్రీ, టెక్కలి వైపు మనిషి. చాలా ఏళ్ల కిందట తమ్ముడి వెనక ఓడెక్కాడట. పాక ముందు ఒక పాత తలుపు రెక్క బల్ల మీద పడుకోబెట్టి ఉంది. ఏదో ఇల్లు పడగొడుతుంటే కొన్నది. ఎండకు, వానకు, ఉప్పుగాలికి బూడిద రంగుకు తిరిగి, పాత చేట మాదిరి ఉంది.

"కొత్త చెక్క చాథమ్‌లో దొరకదా, మేస్త్రీ?" అన్నాను.

"దొరుకుద్ది బాబూ. అర్జీ ఎట్టాల, వరస రావాల. అయినా కొత్తదెందుకు? ఇది ఎప్పుడో ఆరిపోయి కూకుంది. ఇంక వంకర తిరగదు, చెద పట్టదు."

"ఏం చెక్క ఇది?"

"మన యేగిస లేదేటి? దాని తమ్ముడు."

చిత్రిక అందుకున్నాడు. మొదటి తోపుకు నల్లటి పొర ఒకటి సుళ్లు తిరుగుతూ లేచింది. రెండో తోపుకు గోధుమ రంగు. మూడోసారి చిత్రిక ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క ఊపులో వచ్చింది, దాని వెనకాలే రెండంగుళాల వెడల్పున ఎర్రటి దారి పరుచుకుంది. ఆ పొర తీసి నా చేతిలో పెట్టి, మేస్త్రీ మళ్లీ తలుపు మీదికి వంగాడు.