అరకు ఘాట్‌లో రెండు పాత బండ్లు

ఘాట్ ఎక్కేముందు గాలి చూపిద్దామని ఎస్.కోటలో ఆగాం. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది అక్కడ గడిచిన గంట.

మేం తెచ్చిన రెండు బండ్లలో ఒకటి కొనాలి. ఒకటి పెట్రోల్ సియాజ్, ఇంకొకటి డీజిల్ డస్టర్. ఓనర్లు తెలిసినవాళ్లే కాబట్టి, అరకు దాకా తిప్పి చూసుకోమని తాళాలిచ్చారు. సియాజ్ నేను, డస్టర్ బావ.

గాలి పట్టే పెద్దాయన ఒకప్పుడు మెకానిక్కట. కొనబోయే బండ్లని చెప్పగానే గొట్టం పక్కన పడేసి, గోనెసంచి పరుచుకుని డస్టర్ కిందికి దూరాడు. స్క్రూడ్రైవర్‌తో గీకితే అడుగు రేకు పెళ్లలుగా రాలింది. "బీచ్ పక్కన ఉంచిన బండి బాబూ ఇది. ఉప్పుగాలి తినేసింది" అన్నాడు. నిజమే, ఏపీ 31 అంటే విశాఖ నంబరు, ఓనరు ఇల్లు సముద్రానికి ఎదురుగానే. తర్వాత టాపు మీద వేళ్లతో తడుతూ వెళ్లి ఒకచోట ఆగాడు. అక్కడ చప్పుడు మొద్దుబారింది. రేకు మీద పుట్టీ! 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి చెట్టుకొమ్మ పడిందని ఓనరు ఫోన్లో చెప్పాడు.

సియాజ్ ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ మూత తీసి, అరచెయ్యి అడ్డం పెట్టాడు. పొగ తన్నలేదు. టైరు మీద చివరి నాలుగంకెలు నాచేత చదివించాడు: 3218. అంటే 2018లో 32వ వారం తయారైంది. "అరగలేదని మురిసిపోకండి, రబ్బరు ముసల్దైపోయింది. కొంటే ముందు ఇవి మార్చండి." ఇంతా చేసి గాలి డబ్బులే తీసుకున్నాడు. మెరిసే పాలిష్‌కి, మీటరులో కిలోమీటర్లకి మనమిచ్చే విలువ ఇలాంటి చేతులకివ్వాలి.

బొద్దవర దాటాక మలుపులు మొదలయ్యాయి. నిమ్మకాయ లేనిదే ఘాట్ ఎక్కని అక్క, సియాజ్ వెనక సీట్లో హాయిగా నిద్రపోయింది. నేలకు దగ్గరగా కూర్చున్న బండి మలుపులో పెద్దగా ఒరగదు. టైడా దగ్గర తాళాలు మార్చుకున్నాం. డస్టర్ దాదాపు 200 కిలోలు ఎక్కువ బరువు, మలుపులో ఆ బరువు తెలుస్తుంది. కానీ ఎత్తులో డీజిల్ లాగుడే వేరు. ఎత్తు సీటు మీద నుంచి అనంతగిరి కాఫీ తోటలు, సిల్వర్ ఓక్‌లకు అల్లుకున్న మిరియాల తీగలు ఎంత బాగా కనిపించాయో!

కటికి జలపాతం దారికి సియాజ్‌ను తీసుకెళ్లే ధైర్యం చేయలేదు. దాని అడుగుకీ నేలకీ మధ్య 170 మిల్లీమీటర్లే, డస్టర్‌కి 205. ఎస్‌యూవీ అనగానే నాలుగు చక్రాలూ లాగుతాయనుకుంటారు చాలామంది. మేం తెచ్చింది ముందు చక్రాలే లాగే రకం. కొంతదూరం పోయి, బురద కనిపించగానే ఆపేసి నడిచాం.

అరకులో బొంగు చికెన్, చలి, నిద్ర.

తిరుగు ప్రయాణానికి అమ్మ సియాజ్ వైపు రాలేదు. అందులో కూర్చోవాలంటే మోకాళ్లు బాగా వంచాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యివ్వాలి. డస్టర్ సీటు సరిగ్గా నడుము ఎత్తులో ఉంది, తనంతట తానే ఎక్కి కూర్చుంది. "మీ అమ్మకి ఇదే" అన్నాడు బావ, అక్కతో.

నడపడానికి నా ఓటు ఇప్పటికీ సియాజ్‌కే. కొనేది మాత్రం ఎత్తు బండే, ఈ తుప్పుపట్టిన డస్టర్ కాదు గానీ. పాత డస్టర్ తయారీ 2022లో ఆగిపోయింది కాబట్టి చివరి ఏళ్ల మోడల్ చూస్తున్నాం. సముద్రానికి దూరంగా తిరిగినది కావాలని విజయనగరం, పార్వతీపురం వైపు తెలిసినవాళ్లకి చెప్పిపెట్టాం.