కార్డు పోలేదన్నా, వైరు!

ఇవాళ నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లాను, శిల్పాలు చెక్కే ఓ అన్న దగ్గరికి.
కంప్యూటర్‌కు నెట్ రావట్లేదు.
"నెట్‌వర్క్ కార్డు పోయిందంట, మార్చాలంట" అన్నాడు దిగులుగా. విగ్రహం ఫొటోలు పార్టీకి పంపాలి. వాళ్లు సరే అంటేగానీ పని ముందుకు సాగదు.

ఐపీ అడ్రస్ చూశా. 169.254తో మొదలైంది.
అడ్రస్ ఇమ్మని అడిగితే రూటర్ నుంచి జవాబు రాక, విండోస్ తనంతట తాను పెట్టుకునే నంబరది. అంతమాత్రాన కార్డు చచ్చినట్టు కాదు.

వెనక పోర్టు దగ్గర లైటు... వైరు కదిపితే వెలుగుతోంది, వదిలితే ఆరిపోతోంది.

ప్లగ్గు కోసేసి ఎనిమిది తీగలూ వరస పెట్టా. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొత్త ప్లగ్గు క్రింప్ చేశా.
లైటు నిలబడింది. అడ్రస్ 192.168కి మారింది.

అన్న అంతసేపూ పక్కనే కూర్చుని చూశాడు.
రాయిని తట్టి, మోగే శబ్దాన్నిబట్టి లోపల పగులుందో లేదో చెప్పే మనిషి ఆయన. పరీక్షించకుండా ఏ రాయినీ పక్కన పడేయడు. అలాంటి మనిషి కూడా కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఎవరో చెప్పిన మాటకు తలూపాల్సి వచ్చింది.
నాకు బాధనిపించింది అక్కడే.
మన చిన్న ఊళ్లలో బాగున్న కార్డులు ఎన్ని ఇలా చెత్తబుట్టలోకి పోతున్నాయో!

ఫ్రెండ్స్, నెట్ రాకపోతే ముందు లైటు చూడండి. ఇంకో వైరు పెట్టి చూడండి. కార్డు సంగతి ఆ తర్వాతే.
మీకూ ఇలా జరిగిందా? కామెంట్లో రాయండి, ఇంకొకరికి డబ్బులు మిగులుతాయి.